పింఛను ఇంటికొస్తుంది, ఇన్సులిన్ వేసే మనిషి ఎందుకు రారు?

కృష్ణాతీరం | బెంగళూరు

మా నాన్నగారికి 76 ఏళ్లు. బాపట్ల జిల్లాలోని మా ఊళ్లో ఒక్కరే ఉంటారు. షుగరు వచ్చి పాతికేళ్లు దాటింది, ఇప్పుడు రెండు పూటలా ఇన్సులిన్. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కంటికి సిరంజి మీద గీతలు ఆనవు. వేళ్లకు తిమ్మిరి. అలాగని మంచాన పడలేదు. అన్నం తనే వండుకుంటారు, సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చుని ఎవరి చేతనో పేపరు చదివించుకుంటారు.

ఒకటో తేదీన పొద్దున్నే సచివాలయం ఉద్యోగి వచ్చి 4,000 పింఛను చేతిలో పెట్టి వెళతారు. ఊళ్లో ఆశా ఉన్నారు, విలేజ్ క్లినిక్ ఉంది, 104 వాహనం వస్తుంది, మాత్రలు ఉచితం. ఇన్ని ఉండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి సూది వేసే మనిషి మాత్రం లేరు. ఊరి ఆర్ఎంపీ పూటకు 30 రూపాయలు తీసుకుని వేస్తున్నారు. అంటే నెలకు 1,800, పింఛనులో దాదాపు సగం. ఆయన ఏ పెళ్లికో తిరునాళ్లకో వెళితే ఆ రోజు నాన్న ఇన్సులిన్ మానేసి, అన్నం తగ్గించి తింటారు. ఇంటికి నర్సును పంపే సంస్థలకు ఫోను చేస్తే ఊరి పేరు చెప్పగానే అక్కడికి రాలేమన్నారు.

ప్రభుత్వం వైపు నుంచి ఏదైనా ఏర్పాటు ఉందా? మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

హైటెక్ కొడుకు | హైదరాబాద్

ఉన్నమాట చెబుతాను, నొచ్చుకోకండి. ఆ వయసులో, ఆ చూపుతో ఊళ్లో ఒంటరిగా ఉండటమే అసలు సమస్య. మా అమ్మగారిని నేను కొండాపూర్‌కు తెచ్చేసుకున్నాను. తెల్లవారి ఆరింటికల్లా ల్యాబ్ కుర్రాడు వచ్చి రక్తం తీసుకువెళతాడు. పగలు పన్నెండు గంటలు సహాయకురాలు ఉంటుంది, నెలకు పాతిక వేల దాకా అవుతుంది. భుజానికి అతికించిన సెన్సార్ వల్ల అమ్మ షుగరు ఎంతుందో ఆఫీసులో నా ఫోనులోనే కనిపిస్తుంది. ఆ సెన్సార్ పద్నాలుగు రోజులకోసారి మార్చాలి, ప్రతిసారీ నాలుగైదు వేలు. ఖర్చే, కాదనను. కానీ నిశ్చింత.

కృష్ణాతీరం | బెంగళూరు

తెచ్చుకున్నానండీ. ఎనిమిదో అంతస్తులో ఉండలేక వెళ్లిపోయారు. మీరు చెప్పిన లెక్క నాకు అందేది కాదు కూడా. నా జీతం సగం దానికే పోతుంది.

కోడలిపిల్ల | రాజమహేంద్రవరం

హైటెక్ కొడుకు గారూ, ఆ పాతిక వేల ఉద్యోగమే నేను జీతం లేకుండా చేస్తున్నాను.

మా మామగారికి కుడి అరికాలిలో పుండు. చెప్పులో గులకరాయి దూరితే తెలియలేదు, స్పర్శ లేదు కదా. మానడానికి నెలలు పట్టింది. ఇంటికి వచ్చి కట్టు మార్చే అబ్బాయి ఒక్కసారికి మూడు వందలు అడిగాడు, రోజు విడిచి రోజు. రెండు వారాలు రప్పించి, ఆ తరవాత అతను చేసేది చూసి నేనే మొదలుపెట్టాను. సెలైన్‌తో కడగడం, గాజుగుడ్డ పెట్టడం, కాలు కింద ఆనకుండా చూడటం. అంతకుముందు చీరలకు ఫాల్స్ కుట్టి నాలుగు డబ్బులు సంపాదించేదాన్ని. మిషను మీద ఇప్పుడు మందుల డబ్బాలు ఉన్నాయి.

అత్తయ్యగారికీ షుగరే. మామగారికి గ్లూకోమీటర్ కొన్నారు, ఒక్కో స్ట్రిప్పు ఇరవై రూపాయలు పడుతుందని లెక్కబెట్టి వాడతారు. అదే మీటర్‌తో అత్తయ్యకు ఎప్పుడైనా చూశారా అంటే లేదు. 'నాకేం, బాగానే ఉన్నాను' అంటారావిడ. పండగకు కళ్లు తిరిగి పడిపోతే చూశాం, 380 ఉంది. పల్లెకూ పట్నానికీ మధ్య తేడా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను, ఒకే కప్పు కింద కూడా తేడా ఉంది.

నర్సమ్మ | నల్గొండ

ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నకు జవాబిచ్చే ముందు ఒక్క సంగతి. ఆ ఆర్ఎంపీ గారు ఏ వేళకు వస్తున్నారు? నాన్నగారు వాడేది 30/70 మిశ్రమ ఇన్సులిన్ అయితే భోజనానికి దాదాపు అరగంట ముందు వేయాలి. ఆయన ఊళ్లో నాలుగిళ్లు తిరిగి తీరిక దొరికినప్పుడు వచ్చి వేస్తే, మీ నాన్నగారు అప్పటికే తిని ఉండవచ్చు, లేదా సూది పడ్డాక గంటసేపు తినకుండా ఉండవచ్చు. రెండోది ప్రమాదం. పెద్ద వయసులో షుగరు ఎక్కువ ఉండటం కన్నా హఠాత్తుగా తగ్గిపోవడం చాలాసార్లు ప్రాణం మీదకు తెస్తుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు కనబడితే, మీటర్‌లో 70 కన్నా తక్కువ ఉంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. ఈ మాట పక్కింటివాళ్లకు కూడా చెప్పి ఉంచండి. ఒంటరిగా ఉండే మనిషికి వాళ్లే ముందు చేరేది.

ఇంకోటి సిరంజి. మన దగ్గర సీసాలో వచ్చే మామూలు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్ పెన్నుల్లో, కొన్ని ఖరీదైన సీసాల్లో వచ్చేది 100 యూనిట్లు, దాని సిరంజికి నారింజ మూత. 40 సీసాలోంచి 100 సిరంజితో తీస్తే, గీత 20 దగ్గర ఉన్నా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తిరగేస్తే, అంటే 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో తీస్తే, రెండున్నర రెట్లు వెళుతుంది. వార్డులో ఈ పొరపాటుతో వచ్చినవాళ్లను చూశాను. ఇళ్లలో చూసేవాళ్లు లేక జరిగేదే ఇది. మందుల షాపులో ఏది ఉంటే అది ఇచ్చేస్తారు.

ఇక చూపు ఆననివారికి రెండు దారులున్నాయి. ఒకటి పెన్ను. తిప్పుతుంటే యూనిట్‌కు ఒక టిక్కు వినబడుతుంది, చెవితో లెక్కపెట్టుకోవచ్చు. రెండోది, చూపున్న మనిషి ఎవరైనా వారానికి సరిపడా సిరంజిలు నింపి ఫ్రిజ్‌లో సూది పైకి ఉండేట్టు నిలబెట్టి వెళ్లడం. వేసుకునే ముందు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. అన్ని రకాల ఇన్సులిన్‌కూ ఇది కుదరదు, రాసిన డాక్టరును అడిగి మొదలుపెట్టండి. రోజూ రెండుసార్లు మనిషి కావాలన్న ఇబ్బంది వారానికోసారికి తగ్గుతుంది. ఆ వారానికోసారి వచ్చే మనిషినైనా ప్రభుత్వం ఇవ్వగలదా అన్నది అప్పుడు అడగవలసిన ప్రశ్న.

నిర్వాహకుడు

ఎవరూ ఇక్కడ ఇన్సులిన్ మోతాదులు సూచించవద్దు. పైన నర్సమ్మ గారు రాసింది మోతాదు కాదు, జాగ్రత్త. అందుకే ఉంచాను.

బీమా బాబాయ్ | తిరుపతి

ప్రభుత్వ ఏర్పాటు గురించి అడిగారు. 70 దాటిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది. నాన్నగారికి కార్డు తీయించండి. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. డిశ్చార్జి అయ్యాక 15 రోజుల ఖర్చు వరకు ఇస్తారు, ఆ తరవాత మీ ఇల్లు మీరు చూసుకోవాలి. నేను అమ్మే ప్రైవేటు పాలసీల సంగతీ అంతే. ఇంట్లో వైద్యం అని కాగితంలో రాసి ఉంటుంది, చదివితే ఆసుపత్రికి తరలించలేని స్థితిలోనో, మంచం దొరకనప్పుడో ఇంట్లో చేసే చికిత్స అది. రోజూ సూది వేయడానికీ, కట్టు మార్చడానికీ పైసా రాదు.

కాలు తీసేసే ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది, కాలు తీయకుండా కాపాడే కట్టుకు రాదు. ఇరవై ఏళ్లుగా క్లెయిములు చూస్తున్నాను, ఈ లెక్క నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

కోడలిపిల్ల | రాజమహేంద్రవరం

పింఛన్లలోనూ అదే వరస కదా బాబాయ్ గారూ. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధులకు 4,000. కాలు పోయి వికలాంగుల జాబితాలోకి వస్తే 6,000. డయాలసిస్‌కు చేరితే 10,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోతే 15,000. ఇవ్వడం తప్పని నేననను, ఆ ఇళ్లలో అదీ చాలదు. కానీ మా మామగారి కాలు నిలబడినందుకు మాకు వచ్చింది సున్నా.

ఆశా అక్క | ప్రకాశం జిల్లా

ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. 'ఊళ్లో ఆశా ఉన్నారు' అని మొదటి పోస్టులో ఉంది కాబట్టి మాట్లాడుతున్నాను.

మాకు నెలకు 10,000 గౌరవ వేతనం. జీతం కాదు, గౌరవం. వెయ్యి జనాభాకు ఒకరం. గర్భిణులు, బాలింతలు, టీకాలు, క్షయ మందులు, సర్వేలు, యాప్‌లో ఫొటోలు. ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు ఉందా అని ఫారం నింపేదీ మేమే. సూది వేసే అనుమతి మాకు లేదు, శిక్షణా లేదు. ఏఎన్ఎం (ఉపకేంద్రంలో పని చేసే నర్సమ్మ) వేయగలదు, కానీ ఆవిడకూ ఊళ్లు ఎక్కువ, పొద్దున ఏడింటికి ఒక ఇంటికి, రాత్రి ఏడింటికి మళ్లీ అదే ఇంటికి ఎవరు వెళ్లగలరు?

ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి 2023లో పెట్టినప్పుడు పొద్దున ఊళ్లో ఓపీ, మధ్యాహ్నం మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు డాక్టరుగారు వెళ్లాలని రాసుకున్నారు. మా దగ్గర వెళ్లారు కూడా, నేనే దారి చూపించాను. అయితే ఎవరింటికి? జాబితాలో మంచాన పడినవాళ్లుంటారు. మీ నాన్నగారు నడిచి వచ్చి అరుగు మీద కూర్చుంటారు కాబట్టి ఆ జాబితాలో ఉండరు. చూపు లేక సూది వేసుకోలేని మనిషికి మా ఫారంలో గడి లేదు. నేను అడిగితే పై వాళ్లు, 'నడుస్తున్నాడుగా, క్లినిక్‌కు రమ్మను' అన్నారు. క్లినిక్ తెరిచేది తొమ్మిదింటికి. షుగరు మనిషి తొమ్మిదింటి దాకా టిఫిను తినకుండా ఉండాలా?

పాడేరు మాస్టారు | అల్లూరి సీతారామరాజు జిల్లా

మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. కాగితం మీద మాకే మేలు. ఆ మూడు వేల మంది ఎన్ని గూడేల్లో, ఎన్ని గెడ్డల అవతల ఉంటారో ఆ లెక్కలో లేదు.

ఏజెన్సీలో షుగరు ఏమిటని మీలో కొందరు అనుకుంటారు. ఉంది. మా బడి పక్క గూడెంలో ఒక పెద్దాయన ఇన్సులిన్ మీద ఉన్నారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడుతున్న సీసాను కొత్త మట్టికుండలో చిన్న డబ్బా పెట్టి, కుండ చుట్టూ తడిగుడ్డ కట్టి ఉంచుతున్నారు. నర్సమ్మ గారు ఏమంటారో. తెరవని సీసాలు సంతకు వచ్చే దారిలో కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింకుల పక్కన. కొట్టువాడికి దణ్ణం పెట్టాలి, పైసా అడగడు. కానీ కరెంటు పోతే ఆ ఫ్రిజ్ కూడా బీరువాయే.

ఇంటికి వైద్యం రావడం సంగతి తరవాత. ఇంటి నుంచి మనిషిని కిందకు దించాలంటే డోలీ కట్టే దారులు ఇంకా ఉన్నాయి. డోలీ మోయడానికి నలుగురైదుగురికి కూలి పోతుంది. షుగరు పరీక్ష కోసం ఎవరు డోలీ కడతారు? పుండు కుళ్లితేనే కడతారు.

నర్సమ్మ | నల్గొండ

మాస్టారూ, కుండ మంచి పనే. తెరిచిన సీసా ఎండ తగలకుండా చల్లని చోట ఉంటే దాదాపు నాలుగు వారాలు పనికొస్తుంది. తెరవనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. కొట్టు ఫ్రిజ్‌లో ఐసు పట్టే గడికి ఆనించి పెట్టకుండా చూడండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

డెర్బీ తెలుగమ్మాయి | ఇంగ్లండ్

నేను ఇక్కడ జిల్లా నర్సుల బృందంలో పని చేస్తాను. అంటే మీరు లేరంటున్న ఆ మనిషిని నేనే. గడప దాటలేని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఇన్సులిన్ వేస్తాం, పుళ్లకు కట్లు మారుస్తాం, రోగి దగ్గర డబ్బు తీసుకోము. శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, నర్సులు కాని సహాయకులకు కూడా ఈ సూది పని అప్పగిస్తున్నారు. ఆశా అక్క గారికి చెప్పాలనిపించింది: అలా అప్పగించినప్పుడు బాధ్యత నర్సుదే, సహాయకురాలికి జీతం ఉంటుంది.

అంతా బంగారం అనుకోకండి. పొద్దున నా జాబితాలో ఇన్సులిన్ ఇళ్లు చాలా ఉంటాయి. చివరి ఇంటికి వెళ్లేసరికి పదిన్నర, ఆ అవ్వ టిఫిను తినకుండా నా కోసం ఎదురు చూస్తుంటుంది. వంటకూ స్నానానికీ మనిషి కావాలంటే అది వైద్యం కింద రాదు, కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) చూస్తుంది, దాచుకున్న డబ్బు 23,250 పౌండ్లు దాటితే మన జేబులోంచే కట్టుకోవాలి. భాష రాని పెద్దవాళ్లు ఫోను చేసి అడగనే అడగరు. ఒక గుజరాతీ బామ్మ నేను చీర గురించి మాట్లాడాకే పాదం చూపించింది.

టెక్సాస్ తాతయ్య | డాలస్

మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, 74 ఏళ్లు. ఇక్కడ వృద్ధులకు ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్‌లో, ఇల్లు కదలలేని మనిషి తనంతట ఇన్సులిన్ వేసుకోలేకపోతే, వేసేవాళ్లు ఇంట్లో లేకపోతే, రోజూ నర్సు వచ్చి వేసే వీలుంది. చదివి సంతోషించాను. తీరా చూస్తే నాలాగా గ్రీన్ కార్డు మీద వచ్చి ఇక్కడ ఉద్యోగం చేయని పెద్దవాళ్లు అయిదేళ్లు నివసించాకే దానిలో చేరగలరు, అదీ ప్రీమియం కట్టి. పిల్లల్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మమ్మలకు, నానమ్మలకు అసలే లేదు. మందులన్నీ సూట్‌కేసులో మోసుకొస్తాం.

నర్సమ్మ గారు చెప్పిన ప్రమాదం ఇక్కడ రెట్టింపు. 40 సిరంజి ఇక్కడ మనుషుల ఇన్సులిన్‌కు మామూలుగా అమ్మరు. ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్లు సిరంజిలు కూడా సరిపడా తెచ్చుకోండి, లేదా పెన్నుకు మారి రండి.

హైటెక్ కొడుకు | హైదరాబాద్

అందరూ నన్నే దోషిని చేసినట్టుంది. సరే, నేనొకటి అడుగుతాను. దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో వచ్చింది. ఇంటింటికీ నర్సును పంపాలంటే ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు? ఇంగ్లండ్‌తో పోలిక ఎందుకు?

హోసూరువాడు | కృష్ణగిరి జిల్లా, తమిళనాడు

ఇంగ్లండ్ దాకా వద్దు, మా ఊరికి రండి. తెలుగువాళ్లం ఎక్కువగా ఉన్న జిల్లా ఇది. 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' మొదలైంది మా జిల్లాలోని సామనపల్లిలోనే. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అన్నమాట. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లను ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. వాళ్లు బీపీ, షుగరు చూస్తారు, ఆసుపత్రికి రాలేనివాళ్లకు మాత్రలు ఇంటికి తెచ్చిస్తారు. ఫిజియోథెరపీకి, మంచాన ఉన్నవాళ్లకు వేరే సిబ్బంది వస్తారు. మా పెద్దమ్మకు మాత్రల కోసం బస్సెక్కే పని తప్పింది.

మీరడిగిన రోజువారీ సూది ఇందులో లేదు, ఆ మాటా చెప్పాలి. ఆ కార్యకర్తలకు ఇచ్చేదీ తక్కువే. అయినా 10 కోట్ల మందికీ నర్సు కావాలని ఇక్కడ ఎవరడిగారు? ఇన్సులిన్ మీద ఉండి, చూపో చెయ్యో సహకరించక, ఇంట్లో మరో మనిషి లేనివాళ్లు ఒక ఊళ్లో ఎంతమంది ఉంటారు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

హైటెక్ కొడుకు | హైదరాబాద్

ఆ లెక్క ఎవరి దగ్గరైనా ఉందా?

ఆశా అక్క | ప్రకాశం జిల్లా

మా ఊళ్లో నలుగురు. నాకు తెలుసు. ఫారంలో గడి లేదని ముందే చెప్పాను కదా, అందుకే పైవాళ్లకు తెలియదు.

నర్సమ్మ | నల్గొండ

మా తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల పాలియేటివ్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే) కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలు ఇళ్లకు వెళతాయి. డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు ఉంటారు. ఎక్కువగా క్యాన్సర్ చివరి దశ వాళ్లకు, మంచాన ఉన్నవాళ్లకు. కాలి పుండుతో కదలలేని షుగరు రోగి ఇంట్లో ఉంటే జిల్లా ఆసుపత్రిలో అడిగి చూడండి, అడిగేవాళ్లే తక్కువ. కేరళలో 2008 నుంచి ఈ పనికి విధానం ఉంది, పంచాయతీలు తమ నిధుల్లోంచి నర్సును పెట్టుకుని ఇళ్లకు పంపుతాయి. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలోనూ మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు సిబ్బంది వెళ్లాలని, చూసుకునే ఇంటివాళ్లకు శిక్షణ ఇవ్వాలని ఉంది. కోడలిపిల్ల గారికి ఆ శిక్షణ ఇవ్వవలసింది ఎవరో ఇప్పుడు అర్థమైంది కదా.

కోడలిపిల్ల | రాజమహేంద్రవరం

నాకు యూట్యూబ్ ఇచ్చిందండీ శిక్షణ.

కృష్ణాతీరం | బెంగళూరు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుతో మాట్లాడాను, పెన్నుకు మార్చారు. టిక్కులు లెక్కపెట్టడం నాన్నకు బాగానే వచ్చింది. మొదట రెండు యూనిట్లు గాలిలోకి వదలాలన్నది మరిచిపోతుంటే ఎదురింటి టీచరుగారమ్మాయి రోజూ పొద్దున వెళ్లి చూస్తోంది. డబ్బు ఇస్తానంటే వాళ్లమ్మ కోప్పడ్డారు. పెన్ను, అందులో వేసే ఇన్సులిన్ కార్ట్రిజ్‌లు సీసా కన్నా ఖరీదు, అది నేను భరించగలను. అరుగు మీద నాన్న పక్కన కూర్చునే ఇంకో ఇద్దరు భరించలేరు, వాళ్లకు ఆర్ఎంపీయే గతి.

అందుకని అర్జీ రాద్దామనుకుంటున్నాను. ఏమేం అడగాలి, ఎవరికివ్వాలి?

బీమా బాబాయ్ | తిరుపతి

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. తెలంగాణవాళ్లయితే ప్రజావాణిలో. డాక్టరు చీటీ, కంటి డాక్టరు రాసిన కాగితం జతచేయండి. ఒక్కరి పేరుతో వద్దు, ఆ ముగ్గురి పేర్లతో ఇవ్వండి.

హైటెక్ కొడుకు | హైదరాబాద్

అర్జీ నమూనా ఇక్కడ పెడితే టైపు చేసిపెడతాను. పెన్నుల ఖర్చు గురించి మీకు విడిగా సందేశం పెట్టాను, చూడండి.

ఆశా అక్క | ప్రకాశం జిల్లా

ఇంటికి వెళ్లే జాబితాలో 'ఇన్సులిన్ స్వయంగా వేసుకోలేనివారు' అని ఒక గడి చేర్చమనండి, ముందు అది. తరవాత, వాళ్లకు పెన్ను ఉచితంగా ఇమ్మనండి. వారానికోసారి ఏఎన్ఎం వెళ్లి పాదాలు, సూది పద్ధతి చూడాలని రాయండి. రోజూ సూదికి ఊళ్లోనే ఒక మనిషికి శిక్షణ ఇచ్చి జీతంతో పెట్టమనండి. జీతంతో అన్న మాట కింద గీత గీయండి. లేకపోతే ఆ పని కూడా ఆశా చేస్తుందని రాసి పంపేస్తారు.